తల్లిగారింటి చీర

ఆ ఇంటి గేటు మీద బోర్డు ఉండేది. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి బోర్డు నాకు పనికిరాలేదు. ఆరేసిన బట్టలే నాకు గుర్తు. ఉప్పల్ రింగు రోడ్డు నుంచి పీర్జాదిగూడ వైపు షేర్ ఆటోలో పోయి, దిగి లోపలికి నడిస్తే ప్రహరీ గోడ పైనుంచి చీరలు, లుంగీలు, దుప్పట్లు వరసలు వరసలుగా ఊగుతూ కనిపించేవి. ఆ పక్క ప్లాట్లు చూసుకోవడానికి వచ్చినవాళ్లు "పెండ్లిల్లా ఏంది?" అని అడిగేవాళ్లట. పెళ్లిల్లు కాదు. ఎయిడ్స్ వచ్చి, సొంతవాళ్లు వదిలేసిన మనుషులు చివరి రోజులు గడిపే ఇల్లు అది. క్రైస్తవ సిస్టర్లు నడిపేవాళ్లు. నా చెల్లె అక్కడ ఉండేది.

నేను నాచారంలో బట్టల కంపెనీలో పనిచేసేదాన్ని. కుట్టిన షర్టులకు మిగిలిన దారాలు కత్తిరించడం నా పని. ఆదివారం సెలవు. ఆ సెలవు రోజున చెల్లె దగ్గరికి పోయేదాన్ని.

చెల్లె మొగుడు లారీ డ్రైవరు. రోగం ముందు అతనికి వచ్చింది, అతని నుంచి ఆమెకు. అతను పోయాక అత్తగారోళ్లు ఆమెను సర్కారు దవాఖానాలో వదిలేసి వెళ్లిపోయారు. నాది ఒక్క గది కిరాయి ఇల్లు, నేనూ నా మొగుడూ ఇద్దరమూ పనికి పోయేవాళ్లం. మంచం దిగలేని మనిషిని ఎట్లా చూసుకోవాలో తెలియక ఏడుస్తుంటే దవాఖానాలో నర్సమ్మ ఈ ఇంటి సంగతి చెప్పింది.

మొదటి రోజు నేను పోయినప్పుడు ఆడవాళ్ల వార్డు చూసే సిస్టరమ్మ చెల్లె మంచం పక్కన కూర్చుని ఆమె కాలిగోళ్లు తీస్తున్నది. తొడుగులు లేవు, మూతికి గుడ్డ లేదు. చెల్లె పాదం ఆమె ఒళ్లో ఉంది. చిన్న వయసు, కేరళ మనిషి. ఏడాది అయినా కాలేదు మన దిక్కు వచ్చి. నన్ను చూసి తల ఎత్తి, "కూర్చోండి అక్కా, ఈ కాలు అయింది, ఇంకో కాలు ఉంది" అన్నది, నేను ఆ రెండో కాలు కోసమే వచ్చినట్టు. నేను మంచం చివర కూర్చున్నాను. అప్పటివరకు నిలబడే మాట్లాడదామనుకున్నాను.

చెల్లె అక్కడ కోలుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా. ఒక ఆదివారం నా చేయి పట్టుకుని అడిగింది.

"అక్కా, నేను సచ్చినంక నా మీద తల్లిగారింటి చీర కప్పుతరు గదా?"

"గవేం మాటలే?"

"అడిగినదానికి జెప్పు. ఆయన పోయినప్పుడు మీరెవ్వరు చీర పెట్టలే. గిప్పుడన్న పెడ్తరా?"

మాలో ఆడది పోతే తల్లిగారింటి నుంచి కొత్త చీర రావాలి. అన్నో తమ్ముడో చేతుల్లో పట్టుకుని వస్తాడు. అది కప్పితేనే ఆమె పుట్టిన ఇల్లు ఆమెను సాగనంపినట్టు. మొగుడు పోయినప్పుడు కూడా ఆడదానికి తల్లిగారు చీర పెట్టాలి. చెల్లెకు ఎవరూ పెట్టలేదు. మా అమ్మా నాన్న ఎప్పుడో పోయారు. తల్లిగారిల్లు అంటే మిగిలింది మా తమ్ముడే. నాకు చిన్నవాడు, చెల్లెకు పెద్దవాడు.

"పెడ్తడు తియ్యి. తమ్ముడు తెస్తడు" అన్నాను.

"నేను సచ్చినంక తెస్తె నాకేమెరుక? గిప్పుడే తెమ్మను. అన్న లోపటికొచ్చి నా చేతికియ్యాలె. కట్టుకొని సూస్కుంట." నవ్వి మళ్లీ అన్నది, "ఆకుపచ్చది తెమ్మను. ఎర్ర అంచుండాలె. తెల్లది తెస్తె మొకం మీదనే కొడ్త."

తమ్ముడు చర్లపల్లిలో ఫ్యాక్టరీకి పోయేవాడు. నాచారంలోనే మాకు రెండు గల్లీల అవతల ఉండేవాడు. నేను పోయి చెప్పేసరికి వాడు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. మా మరదలే మాట్లాడింది.

"చీర పంపుతం వదినె. గని ఈయన ఆడికి పోవద్దు. కిరాయి ఇంటోళ్లకు తెలిస్తె సామాన్లు బయటేస్తరు. నల్లా కాడ నీళ్లు పట్టుకోనిస్తరా మమ్ముల?"

"గాలికి రాదటే ఆ రోగం. సిస్టరమ్మ గోళ్లు తీస్తది, అన్నం తినిపిస్తది, ఆమెకేమైంది?"

"ఆమెకు దేవుడున్నడు. మాకు ఇంటి ఓనరున్నడు."

మరదలు అన్నదాంట్లో అబద్ధం లేదు. వాళ్ల గల్లీలో ఒక కుటుంబాన్ని టీబీ అని తెలిసి ఖాళీ చేయించారు. నేను గొడవ పెట్టుకోలేదు. మరదలే ఉప్పల్ పోయి చీర తెచ్చింది. ఆకుపచ్చ నూలు చీర, ఎర్ర అంచు. నాలుగు మూలలకు పసుపు రాసి మడత పెట్టింది. తమ్ముడు నాతో ఆటోలో వచ్చాడు. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

"నువ్వే ఇయ్యి అక్కా."

"నీ చేతుల మీద ఇయ్యాలెరా."

"నావల్ల గాదు." చీర నా చేతుల్లో పెట్టి, గోడ మీద ఊగుతున్న బట్టలను ఒకసారి చూసి తిరిగి వెళ్లిపోయాడు.

చెల్లె చీరను ముక్కుకు ఆనించుకుంది, కొత్త గుడ్డ వాసన, పసుపు వాసన. "గేటు దాక వచ్చిండా?" అని అడిగింది. వచ్చాడన్నాను. "గేటు దాక వచ్చినోడు లోపటికి గూడ వస్తడు. వచ్చిననాడే కట్టుకుంట" అన్నది.

ఆ ఇంట్లో బట్టలకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి బట్ట అయినా ముందు బట్టల గదికి ఇవ్వాలి. అక్కడ అంచు మీద నల్ల సిరాతో మంచం నంబరు వేసేవాళ్లు. మరక పడిన బట్టలను వెనక పెద్ద గంగాళంలో ఉడకబెట్టి ఉతికేవాళ్లు. నంబరు లేని బట్ట ఉమ్మడి బీరువాలోకి పోతుంది. దాన్ని ఎవరికి అవసరమైతే వాళ్లకు ఇస్తారు. చెల్లె ఆ చీరను బట్టల గదికి ఇవ్వలేదు. తల్లిగారింటి చీర మీద నలుపు పడటం ఆమెకు ఇష్టం లేదు, నాకూ లేదు. "నాలుగు మూలల పసుపున్నది, గంతకన్న గుర్తేముంటది?" అని దిండు కింద పెట్టుకుంది. మన దగ్గర ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

ఆమె పక్క మంచం మీద గోదావరి జిల్లాల మనిషి ఒకామె ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. ఆమెకూ చెల్లెకూ పొద్దస్తమానం మాటల పోరు.

"మీ తెలంగాణోళ్లు పప్పులో ఇంత కారం పోస్తారేంటే అమ్మాయ్, రోగం కాదు, ఈ పప్పే చంపేలా ఉంది నన్ను."

"మీరు చేపల పులుసుల బెల్లం ఏస్తరంట గదా, గది తినే గిట్లయినవ్."

ఆమె తన అన్నదమ్ముల గురించి చెబుతూ ఉండేది. వస్తారు, కబురు పంపాను, పొలం పనులు అయ్యాక వస్తారు అనేది. పొలం పనులు ఎప్పటికీ అయిపోలేదు.

తర్వాతి వారం చెల్లెకు జ్వరం ఎక్కువై, కక్కి, మంచమంతా పాడైంది. ఒంటి మీద తెలివి లేదు. సిస్టరమ్మ దుప్పటి, దిండు, దిండు కింద చీర, అన్నీ కలిపి తీసి గంగాళానికి పంపింది. పసుపుకు సబ్బు నీళ్లు తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. కేరళలో చీర మూలలకు పసుపు రాయరు. ఆమె ఆ ఎర్రటి మచ్చలను చూసి నెత్తురు అనుకుంది. ఆ ఇంట్లో నెత్తురు మరక అంటే చిన్న సంగతి కాదు. చీరను మళ్లీ ఉడకబెట్టించి, మందు నీళ్లలో నానబెట్టించి, మచ్చ పోయేదాకా రుద్దించింది. నంబరు లేదు కాబట్టి ఉమ్మడి బీరువాలో పెట్టింది.

శనివారం పొద్దున గోదావరి ఆమె పోయింది. అన్నదమ్ములకు ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు రామన్నారు. సిస్టరమ్మ ఆమెకు స్నానం చేయించి, బీరువాలో ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్తగా, మంచిగా ఉన్న చీర వెతికి తీసి కప్పింది. సిస్టర్లకు దగ్గరలోనే సమాధుల తోట ఉంది. ఎవరూ రానివాళ్లను అక్కడ పూడ్చేవాళ్లు. ఆమెనూ అక్కడే పెట్టారు.

ఆదివారం నేను పోయేసరికి చెల్లె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. జ్వరం దిగింది కానీ అన్నం ముట్టలేదు. సిస్టరమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, ఆమె కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"దొంగతనం జేసిన్రు" అన్నది చెల్లె. "దేవుని పేరు జెప్పుకుంట నా చీర దొంగతనం జేసిన్రు."

సిస్టరమ్మ మొత్తం సంగతి నాకు చెప్పింది. తనకు వచ్చిన కాస్త తెలుగులో, నెత్తురు మచ్చ అనుకున్నానని, ఎంత ఉడికించానో, అయినా పోకపోతే ఎంత రుద్దించానో చెప్పింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమె వేరే చీర కొనిస్తానన్నది. "నీ చీర నాకెందుకు? నువ్వు నా తల్లిగారా?" అన్నది చెల్లె గోడతోనే. చాలాసేపటికి ఇటు తిరిగి, "అన్నకు జెప్పకు అక్కా. ఇంకోసారి తేడు" అన్నది.

చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఇంకో చీర కావాలంటే వాడే తేవాలి. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. మరదలు గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. నేను చెప్పడం అయిపోగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"మన చీర... పోయినామె మీద కప్పిన్రా?"

"తెల్వక కప్పిన్రు."

"తెల్సి కప్పినా తెల్వక కప్పినా కప్పినట్టే గదా వదినె! ఇగ ఆమెకు మనమే తల్లిగారోళ్లమైతిమి." మొగుడి వైపు తిరిగింది. "ఓ అయ్యా, ఇంటున్నవా? ఎవరో ఏందో తెల్వదు, నీకొక అక్క వుట్టింది. పుట్టుడే సచ్చి పుట్టింది."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "గట్లెట్ల కప్పుతరు? అడిగేటోడు లేడనుకున్నరా?"

"గది పోయి ఆళ్లను అడుగు. శనారం పోయిందంటే రేపు మూడో దినం. పిట్టకు పెట్టాలె. మన చీర కప్పుకొని పోయి, ఆకలికి మన గడపలకే వస్తది ఆమె. నేనైతె ఊకోను. పోయి పెట్టి రా."

పోయినవాళ్ల పేరున మూడో రోజు అన్నం వండి కాకికి పెట్టడాన్ని మేము పిట్టకు పెట్టడం అంటాం. మొన్నటిదాకా భయంతో వాడిని గేటు దాటనివ్వని మనిషి, ఈరోజు అంతకంటే పెద్ద భయంతో లోపలికి తోలుతున్నది. నేను నోరెత్తలేదు. నోరెత్తితే ఆ తోలేది కూడా ఆగిపోతుందని.

సోమవారం ఇద్దరమూ పనికి నాగా పెట్టాము. గేటు దగ్గర వాడు ఈసారి ఆగలేదు. బట్టల వైపు చూడలేదు. చెప్పులు విడిచి, నేరుగా వార్డు గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

"ఎవలమ్మా మా చీర తీసింది?"

సిస్టరమ్మ మందుల పళ్లెం కింద పెట్టి వచ్చింది. "నేను అన్నా. తప్పు నాదే. రక్తం అనుకున్నాను."

"పసుపమ్మా అది! పసుపు! సబ్బు తగిల్తే ఎర్రగైతదని తెల్వదా?"

"తెలియదు అన్నా. మా ఊళ్లో చీరకు పెట్టరు."

"ఏ ఊరు మీది?"

"కేరళ అన్నా."

వాడు ఇంకేదో అనబోయి ఆగాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది, ఇంకా తిట్టమన్నట్టు. "గంత దూరంకెళ్లి వచ్చిన్రా?" అన్నాడు. గొంతు తగ్గింది.

లోపలి నుంచి చెల్లె పిలిచింది. "అన్నా, కొట్లాడను వచ్చినవా, నన్ను జూడను వచ్చినవా?"

వాడు అప్పుడు ఆమెను చూశాడు. ఏడాది పైనే అయింది చూసి. చెల్లె ఒకప్పుడు మా ముగ్గురిలో ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మంచం మీద దుప్పటి కింద ఏమీ లేనట్టే ఉంది. వాడి నోట అబద్ధం రాలేదు.

"పిట్టకు పెట్టను వచ్చిన" అన్నాడు.

చెల్లె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు తెర వచ్చింది. సిస్టరమ్మ వీపు రాస్తుంటే, దగ్గులోనే, "అబ్బ, ఏం అన్నవయ్యా! బతికున్న చెల్లె ఈడుంటే, ఎరుక లేని ఆమె పిట్టకు పెట్టను ఉరికొస్తివి" అన్నది. అటు మంచాల మీద ఉన్నవాళ్లు కూడా నవ్వారు. వాడు తల దించుకున్నాడు, కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"ఆమెకేమిష్టముండె?" అని అడిగాడు చెల్లెను.

"చేపల పులుసు. బెల్లం ఏసి."

"బెల్లమా?"

"ఆమె పిట్ట, ఆమె ఇష్టం. ఏసి వండు."

ఉప్పల్ మార్కెట్టు నుంచి చేపలు తెచ్చాడు. సిస్టర్ల వంటింట్లోనే నేను వండాను. సిస్టరమ్మ పక్కన నిలబడి ఏదో ప్రార్థన చెప్పుకుంది, ఎందుకు ఏమిటని అడగకుండా ఆకు కడిగి ఇచ్చింది. ఆ తోటలో కొత్త మట్టి దగ్గర ఆకు పెట్టి మేము ముగ్గురమూ వెనక్కి జరిగాము. కాకి మమ్మల్ని ఎదురుచూడనివ్వలేదు. ఆకు ఇంకా సర్దుకోకముందే వచ్చి వాలింది.

తిరిగి వచ్చాక వాడు చెల్లె మంచం అంచున కూర్చున్నాడు. ఎండన పడి వచ్చాడని చెల్లె తన స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చింది. అది ఆమె గ్లాసే అని వాడికి తెలుసు, అంచున ఇంకా తడి ఉంది. చెల్లె వాడి మొహాన్నే చూస్తున్నది. నేను వేరేవైపు చూశాను. మింగిన చప్పుడు వినిపించాక ఇటు తిరిగాను. గ్లాసు ఖాళీ.

తర్వాతి ఆదివారం వాడు మళ్లీ ఆకుపచ్చ చీర తెచ్చాడు, తన చేతులతో ఇచ్చాడు. చెల్లె ఆరోజు కట్టుకుంది. కుచ్చిళ్లు నిలబడటానికి సిస్టరమ్మా నేనూ రెండు పక్కలా పట్టుకున్నాము. "ఎట్లున్న అన్నా?" అంటే వాడు "అమ్మ లెక్కున్నవ్" అన్నాడు.

ఈసారి సిస్టరమ్మ గుర్తు లేకుండా వదలనన్నది. నల్ల సిరా వద్దని మేము. అప్పుడు చెల్లె, ఏడో తరగతి దాకా చదివింది కదా, పలక తెప్పించి తన పేరులో మొదటి అక్షరం రాసి నా ముందు పెట్టింది. "నువ్వు దారం పనే జేస్తవ్ గదా, పసుపు దారంతోటి ఇది కుట్టు" అన్నది. నేను దాన్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చూసి కుట్టాను. నా జీవితంలో నేను వేసిన మొదటి అక్షరం అది. ఇంకోటి చూపించమన్నాను. సిస్టరమ్మ తనకూ తెలుగు చదవడం నేర్పమన్నది. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు చెల్లె పంతులమ్మ, మేమిద్దరం పిల్లలం. "సిస్టరమ్మ పలుకుడు వంకర, మా అక్క రాసుడు వంకర, దేవుడు మంచి బడి ఇచ్చిండు నాకు" అనేది. నలభై దాటిన నా చేతిని పట్టుకుని దిద్దించిన చేయి ఆమెదే.

ఆ ఏడాదే సర్కారు దవాఖానాలో ఆ రోగానికి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. సిస్టరమ్మ చెల్లెను తీసుకుపోయి రాయించింది. చెల్లె లేచి తిరిగింది. బట్టల గదిలో కూర్చుని అందరి బట్టల మీదా పసుపు దారంతో అక్షరాలు కుట్టింది. చావడానికి పోయిన ఇంట్లో ఆమె మళ్లీ బతికింది. కొన్నేళ్ల తర్వాత ఒక వానాకాలం ఊపిరితిత్తులు చెడిపోయి పోయింది.

మాకు ఫోన్ వచ్చేసరికి వాన. తమ్ముడూ నేనూ తడుచుకుంటూ పోయాము. సిస్టరమ్మ చెల్లెకు స్నానం చేయించి, కుట్టు ఉన్న ఆ పాత ఆకుపచ్చ చీర కట్టి, మా కోసం కూర్చుని ఉంది. కప్పే చీర బీరువాలోంచి తీయలేదు. తమ్ముడు ప్లాస్టిక్ కవరులోంచి కొత్త చీర తీసి విప్పాడు. ఆమె మూలలు ఒకటొకటిగా వేళ్లతో తిప్పి చూసింది.

"పసుపు ఏది అన్నా?"

హడావిడిలో వాడు మరిచాడు. నేనూ మరిచాను. ఆమె లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలో పసుపు కలుపుకొని వచ్చి, నాలుగు మూలలకూ తనే రాసింది. అప్పుడు తమ్ముడి చేతికి ఇచ్చింది.

మూడో రోజుకు వాన తెరిపి ఇచ్చింది. మరదలు కూడా వచ్చింది, వంట ఆమే చేసింది. చెల్లెనూ సిస్టర్ల తోటలోనే పూడ్చాము. ఆమె మట్టి దగ్గర ఆకు వేశాక తమ్ముడు సిస్టరమ్మను, "ఆ అక్కది యాడున్నది?" అని అడిగాడు. ఆమె నాలుగు అడుగుల అవతల గడ్డి మొలిచిన చోటు చూపించింది. మరదలు అప్పటికే సంచిలోంచి రెండో ఆకు, వేరే గిన్నె తీస్తున్నది. మూత తీస్తే బెల్లం వేసిన చేపల పులుసు.